మాంద్యంలో లేచిన ఇళ్లు: 1930ల నాటి బ్రిటన్

మహామాంద్యం దెబ్బకు బ్రిటన్‌లో ఓడల కర్మాగారాలు, బొగ్గు గనులు, నూలు మిల్లులు కుదేలయ్యాయి. 1933 జనవరి నాటికి నిరుద్యోగులు 30 లక్షలకు చేరువయ్యారు. అదే కాలంలో లండన్ శివార్లలో తాపీమేస్త్రీలకు, వడ్రంగులకు మాత్రం చేతినిండా పని దొరికింది.

1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది. పౌండు విలువను నిలబెట్టడం కోసం వడ్డీని ఎక్కువగా ఉంచాల్సిన అవసరం తగ్గింది. 1932 జూన్ చివర బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన వడ్డీని 2 శాతానికి దించి, రెండో ప్రపంచ యుద్ధం ముంగిటి దాకా అక్కడే ఉంచింది. పొదుపు సొమ్ము గృహరుణాలిచ్చే బిల్డింగ్ సొసైటీలకు మళ్లింది. ధరలు పడిపోవడంతో ఉద్యోగం నిలిచినవారి జీతంలో కాస్త మిగులూ కనిపించింది.

అయితే సొసైటీలు మామూలుగా ఇంటి ధరలో ముప్పాతిక వంతు, మహా అయితే ఇంకొంచెం అప్పిచ్చేవి. మిగతాది ఒకేసారి కట్టడం గుమాస్తాలకు, చిన్న జీతగాళ్లకు తలకు మించిన పని. ఇక్కడే బిల్డర్లు ‘పూల్’ అనే ఏర్పాటును విస్తృతంగా వాడుకున్నారు. తమ సొమ్ములో కొంత సొసైటీ దగ్గర హామీగా ఉంచితే, సొసైటీ 95 శాతం దాకా అప్పిచ్చేది. కొనేవారు 5 శాతం చేతిలో పెడితే ఇల్లు దక్కేది. అమ్మిన ఇళ్ల డబ్బు పక్క వీధి పునాదుల్లోకి వెళ్లేది. పునాదులు తవ్వేవారి వెనక తాపీ పనివారు, వారి వెనక పైకప్పు వేసేవారు, రంగులవారు వీధి వెంట వీధి సాగేవారు. మాంద్యంలో నిర్మాణ కూలీలకు పని దొరకడానికి ఈ అమ్మకాల వేగమూ తోడ్పడింది. 1934 నుంచి నాలుగేళ్లపాటు ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు బిల్డర్లు ఏటా రెండున్నర లక్షలకు పైగా ఇళ్లు కట్టారు.

ఈ మేలు అందరికీ అందలేదు. కూలి గంటల లెక్కన ఇచ్చేవారు కాబట్టి వానకు పని ఆగితే ఆదాయమూ ఆగేది. ఓడల పని పోయిన జారో పట్టణం నుంచి 1936లో నిరుద్యోగులు లండన్‌కు పాదయాత్ర చేయాల్సి వచ్చింది.

హడావుడి కట్టడాల నాణ్యతనూ దెబ్బతీసింది. వెస్ట్ వికమ్‌లో ఎల్సీ బోర్డర్స్ అనే గృహిణి లోపాలున్న ఇంటికి వాయిదాలు కట్టనని 1937లో మొండికేసి, కోర్టులో తన కేసు తానే వాదించింది. ఆ వివాదం నడుమ వచ్చిన 1939 చట్టం పూల్ ఏర్పాటుకు హద్దులు గీసింది. ఆ ఏడాదే యుద్ధం మొదలై, ప్రైవేటు గృహనిర్మాణం దాదాపు ఆగిపోయింది. వింపీ వంటి నిర్మాణ సంస్థలు సైనిక విమానాశ్రయాల పనికి మళ్లాయి.