దారి తప్పి వచ్చిన తరంగాలు

1989 జూన్‌లో, బడి తెరిచిన మొదటి వారం. అప్పట్లో మా వీధిలో ఉన్నవి రెండే టీవీలు. ఇంటి మిద్దె మీద ఇనుప గొట్టానికి కట్టిన యాంటెన్నాను మద్రాసు వైపు తిప్పి, బూస్టర్ పెట్టుకుని దూరదర్శన్ చూసేవాళ్లం. ఒక సాయంత్రం ఉన్నట్టుండి బొమ్మ వణికి, దాని మీద ఇంకో బొమ్మ తేలింది. తలకు తెల్లగుడ్డ చుట్టుకున్న మనిషి ఏదో చదువుతున్నాడు. కింద అరబ్బీలాంటి అక్షరాలు. కాసేపటికి ఆ బొమ్మ కరిగిపోయి మద్రాసు మళ్లీ వచ్చింది. టీవీ చెడిపోయిందని ఇంటాయన సెట్టును రెండు దెబ్బలు కూడా కొట్టాడు.

మర్నాడు బడిలో మన సైన్సు సారుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఏ తేదీ? ఎన్ని గంటలకు? ఎంతసేపు ఉండింది?" అని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. "రాసిపెట్టుకుని ఉంటే అది సైన్సు అయ్యేదిరా. ఇప్పుడది ఒట్టి కబురే" అన్నాడు. ఆ మాట నన్ను చాలా ఏళ్లు పొడుస్తూనే ఉంది. ఉద్యోగంలో చేరాక హామ్ రేడియో లైసెన్సు తీసుకోవడానికి ఒక కారణం ఆ మాటే. ఇక్కడ రాస్తున్నది ఆ రోజు రాసిపెట్టుకున్న వాళ్ల కథ.

మన తరానికి రేడియో సిలోన్ తెలుసు. షార్ట్‌వేవ్ తరంగాలు పైకి వెళ్లి, అయనావరణానికి తగిలి వంగి, సముద్రాలు దాటి కిందికి దిగుతాయి. 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్, మైల్స్ బార్నెట్ కలిసి ఆ పొర నిజంగానే ఉందని, దాని ఎత్తు ఇంత అని ప్రయోగంతో తేల్చారు. బోర్న్‌మత్‌లోని బీబీసీ ప్రసారాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో పట్టి కొలిచారు. అయితే 30 మెగాహెర్ట్జ్ పైన, వీహెచ్ఎఫ్‌కు వచ్చేసరికి కథ మారుతుంది. ఆ తరంగాలు పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతాయని, నేల మీద కంటిచూపు ఆనే దూరానికి కొంచెం అటూ ఇటూగా మాత్రమే పనికొస్తాయని ఇంజినీర్లు లెక్క కట్టారు. టెలివిజన్‌కు ఆ బ్యాండ్ ఇవ్వడానికి అది కూడా ఒక కారణం. ఒక ఊరి ప్రసారం పక్క ఊరి ప్రసారానికి అడ్డు రాదు కదా అని.

ఆ లెక్క తప్పదనుకున్న రోజుల్లోనే 1938 నవంబరు వచ్చింది. లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ 45 మెగాహెర్ట్జ్ మీద టెలివిజన్ ప్రసారం చేస్తోంది. అది లండన్ చుట్టుపక్కల వాళ్ల కోసం పెట్టింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని రివర్‌హెడ్‌లో ఆర్‌సీఏ కంపెనీ ఇంజినీర్లు, అట్లాంటిక్ ఇవతల, ఆ బొమ్మను పట్టారు. మసకగా, ఊగుతూ, ఒక్కోసారి రెండు మూడు నీడలతో వచ్చిన ఆ బొమ్మను తెర ముందు సినిమా కెమెరా పెట్టి తీశారు. అందులో వ్యాఖ్యాత జాస్మిన్ బ్లై కనిపిస్తుంది. శబ్దం లేదు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. ప్రత్యక్ష ప్రసారాన్ని భద్రపరిచే పద్ధతి అప్పుడు బీబీసీ దగ్గర లేదు. యుద్ధం మొదలవుతూనే 1939 సెప్టెంబరు 1న టెలివిజన్‌నే ఆపేశారు. అందుచేత యుద్ధానికి ముందరి బీబీసీ ప్రత్యక్ష ప్రసారాలలో ఈ రోజు మనకు మిగిలింది దారి తప్పి అమెరికా చేరిన ఆ నాలుగు నిమిషాలే. సొంత ఇంట్లో లేని దస్తావేజు పరాయి ఊళ్లో దొరికినట్టు.

దానికి కారణం సూర్యుడు. పదకొండేళ్లకు ఒకసారి సూర్యుడి మీద మచ్చలు పెరిగి, ఆ కాంతిలోని అతినీలలోహిత కిరణాలు అయనావరణాన్ని దట్టం చేస్తాయి. నేల నుంచి సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఎఫ్2 పొర అలాంటి సంవత్సరాల్లో పట్టపగలు 50 మెగాహెర్ట్జ్ తరంగాన్ని కూడా వంచగలదు. 1937 ప్రాంతంలో ఒక శిఖరం, 1947లో ఇంకొకటి వచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో హామ్‌ల నోళ్లు మూయించారు. మన దేశంలోనూ అంతే. యుద్ధం అయిపోయాక అమెరికా వాళ్లకు 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కొత్తగా ఇచ్చారు. సమయానికి సూర్యుడు కూడా కలిసొచ్చాడు. 1946 నవంబరు 24న కనెక్టికట్ రాష్ట్రంలోని ఎడ్ టిల్టన్‌కూ, ఇంగ్లండ్ తీరాన ఉన్న డెనిస్ హైట్‌మన్‌కూ మధ్య ఈ బ్యాండ్ మీద అట్లాంటిక్ దాటిన సంభాషణ జరిగింది. అది ఘనకార్యమే కానీ ఎవరినీ తికమక పెట్టలేదు. పగటిపూట, సూర్యుడి బలంతో జరగవచ్చని ఊహించిందే.

అసలు తికమక 1947 ఆగస్టు చివర్లో వచ్చింది. మెక్సికో నగరంలోని ఒక హామ్, అర్జెంటీనాలోని ఇంకో హామ్ 50 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుకున్నారు. దూరం ఏడు వేల కిలోమీటర్ల పైమాట. ఆ దారికి పట్టికలు చెప్పిన గరిష్ఠ పౌనఃపున్యం అంతకంటే చాలా తక్కువ. అదే కాలంలో ఐరోపా నుంచి దక్షిణాఫ్రికా వైపుకూ ఇలాంటివే జరిగాయి. అన్నిటిలో ఒక పోలిక ఉంది. మాట్లాడుకున్న ఇద్దరూ అయస్కాంత భూమధ్యరేఖకు చెరోవైపు, దాదాపు సమాన దూరంలో ఉన్నారు. తూర్పు పడమరలకు ఈ వింత పనిచేయదు, ఉత్తర దక్షిణాలకే. మార్చి, సెప్టెంబరు విషువత్తుల దగ్గర ఎక్కువ, అదీ సాయంత్రం పూట. ఈ పోలికలు ఏ ప్రయోగశాలా ముందుగా కనిపెట్టలేదు. ఇంటి వెనక గదుల్లో కూర్చున్న మనుషుల లాగ్‌బుక్కుల్లోంచి, తేదీ, గంట, నిమిషం, వినబడిన బలం అనే నాలుగు గడుల్లోంచి వచ్చాయి.

కారణం కూడా అప్పటికి సగం చేతికి అందింది. అయస్కాంత భూమధ్యరేఖ మీద సూర్యుడు నడినెత్తిన ఉన్నా అయనావరణం అక్కడ పలుచగానూ, దానికి ఉత్తరాన, దక్షిణాన పదిహేను ఇరవై డిగ్రీల దూరంలో చిక్కగానూ ఉంటుందని ఆపిల్టన్ 1946లో రాశాడు. మరుసటి ఏడాదే ఆయనకు నోబెల్ వచ్చింది. కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా కూడా అప్పుడే ఈ చిక్కుముడి మీద ఆలోచించాడు. ఆయన రాసిన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' 1947లో వెలువడింది. రేఖ మీద భూమి అయస్కాంత బలం నేలకు సమాంతరంగా ఉంటుంది. పగటిపూట తూర్పు దిక్కుగా ఉండే విద్యుత్ క్షేత్రంతో కలిసి అది అక్కడి ఎలక్ట్రాన్లను పైకి ఎత్తుతుంది. పైకి లేచినవి అయస్కాంత రేఖల వెంట జారి రెండు పక్కలా దిగుతాయి. గుడి కోనేటిలో ఫౌంటెన్ నీళ్లు మధ్యలో లేచి రెండు వైపులా పడినట్టు. అలా రెండు గుట్టలు ఏర్పడతాయి. ఉత్తరం నుంచి వచ్చిన తరంగం మొదటి గుట్టకు తగిలి, నేలకు దిగకుండానే రెండో గుట్టకు తగిలి, దక్షిణాన దిగుతుంది. మధ్యలో నేలను తాకే నష్టం లేదు కనుక గొంతు స్పష్టంగా వినిపిస్తుంది.

రాత్రి ఏడెనిమిది దాటాక వచ్చేది ఇంకో రకం. సూర్యాస్తమయం తరవాత అయనావరణం అడుగు నుంచి పలుచని బుడగలు పైకి లేస్తాయి. నూనెలో నీటిచుక్క పడితే నూనె చెదిరినట్టు అక్కడంతా చెదురుతుంది. ఆ చెదిరిన గోడలు అయస్కాంత రేఖల వెంట సాగి తరంగానికి గొట్టంలా దారి ఇస్తాయి. ఆ దారిలో వచ్చిన మాట ముక్కలు ముక్కలవుతుంది. మోర్స్ కూడా కూతలా కాకుండా బుసలా వినిపిస్తుంది. అయినా దానికి హద్దు 50తో ఆగదు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ వేర్వేరు దేశాల హామ్‌ల నుంచి ఇలాంటి నివేదికలను ఒక పద్ధతిలో సేకరించింది. దక్షిణ రొడీషియాలో ఉన్న రే క్రాక్‌నెల్ 1959లో ఈ తరంగాల మీద క్యూఎస్‌టీ పత్రికలో వ్యాసం రాశాడు. అక్కడితో వదల్లేదు. 1970ల చివర, ఇంకో సూర్య శిఖరం వచ్చేసరికి, 144 మెగాహెర్ట్జ్ మీద ఆఫ్రికా దక్షిణ భాగానికీ మధ్యధరా తీరానికీ మధ్య సంకేతాలు నడిచాయి. అమెరికా ఖండంలో వెనిజులా, ప్యూర్టో రికో నుంచి అర్జెంటీనాకు కూడా. 1981లో క్రాక్‌నెల్ ఇద్దరు మిత్రులతో కలిసి మళ్లీ వ్యాసం రాశాడు. రెండింటికీ మధ్య 22 ఏళ్లు. ఒకే ప్రశ్నను అంతకాలం పట్టుకుని కూర్చోవడం పెద్ద ప్రయోగశాల కట్టడం కంటే కష్టమని నా అభిప్రాయం.

మన ప్రాంతానికి ఇందులో ఒక చిత్రమైన చోటు ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసను తాకుతూ పోతుంది. తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టడానికి కారణం అదే. మనం దానికి బాగా దగ్గర. ఆ బుడగలు మన నెత్తి మీదే లేస్తాయి, తరంగాలు మన పైనుంచే దాటిపోతాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు అయనావరణ పరిశోధనకు పునాది వేశాడు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, గాదంకిలో, 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. హామ్‌ల 50 బ్యాండ్‌కు అది పక్కింటిదే. 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెన్నాలు ఆకాశం వైపు నిలబడి ఉంటాయి. మన మిద్దెల మీద ఉన్న టీవీ యాంటెన్నా జాతే అవి. రాత్రి పూట లేచే బుడగలను ఆ రాడార్ చూస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గేటు బయటే చాలాసేపు నిలబడిపోయాను.

1989 నాటి నా బొమ్మ మాత్రం ఆ కోవలోది కాదనుకుంటాను. జూన్ నెల, తూర్పు పడమర దారి, కొద్దిసేపు ఉండి పోవడం, ఇవన్నీ ఇంకో పొర గుర్తులు. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున, ఉల్కలు వదిలిన లోహపు అయాన్లు గాలి ఒరిపిడికి పలుచని రేకులా పేరుకుంటాయి. దాని మీద ఒక గెంతుకు దాదాపు రెండు వేల కిలోమీటర్లు. గల్ఫ్ నుంచి మన ఊరికి రెండు గెంతులు కావాలి. అలాంటి రేకులు ఆ సాయంత్రం రెండు చోట్ల ఉండి ఉండాలి. ఇలా "అనుకుంటాను", "ఉండి ఉండాలి" అని రాయడం తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఈ సంచిక కోసం పాత నోటుపుస్తకాలన్నీ తిరగేశాను. తేదీ దొరకలేదు. సారు ఇప్పుడు లేరు. ఆ బ్యాచ్ వాళ్లలో, ఆ వారం, ఏదైనా టీవీలో ఆ తెల్లగుడ్డ మనిషిని చూసినవాళ్లు ఎవరైనా ఉండి, డైరీలోనో క్యాలెండర్ మీదనో ఒక గీత గీసి పెట్టుకుని ఉంటే, సమ్మేళనం రోజున నన్ను వెతుక్కుని వచ్చి చెప్పండి.