బాయిలరు గార నుంచి ఎముకల మందు వరకు

కఠిన జలాన్ని పదేపదే కాచిన పాత్ర అడుగున తెల్లని గార పేరుకొనడం అందరూ ఎరిగినదే. నీటిలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు అవక్షేపంగా దిగడమే దీనికి కారణం. బాయిలర్లలోను, గొట్టాలలోను గార పట్టకుండా నీటిలో కొద్దిగా పాలీఫాస్ఫేటులను కలిపే పద్ధతి 1930 దశకం నుంచీ పరిశ్రమలలో ఉన్నది. ఈ సామాన్య విషయమే ఎముకల చికిత్సలో ఒక కొత్త మార్గాన్ని చూపినది.

మన రక్తంలోను, మూత్రంలోను కాల్షియం, ఫాస్ఫేటు ఉన్నవి. ఎముకలో స్ఫటికాలుగా పేరుకొనే ఈ పదార్థాలు రక్తనాళాలలో ఏల పేరుకొనవు? ఈ ప్రశ్నను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ ఫ్లైష్ చేపట్టినాడు. అట్లా పేరుకొనకుండా అడ్డుపడే పైరోఫాస్ఫేటు అనే పదార్థాన్ని ఆయన, సహచరుడు బిసాజ్ 1962లో మూత్రం నుంచి వేరుచేసినారు. ఇది పరిశ్రమలలో వాడే పాలీఫాస్ఫేటులకు దగ్గర చుట్టమే. కాని దీనిని మందుగా వాడబోతే చిక్కు వచ్చినది. దేహంలోని ఎంజైములు దీనిని త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి.

పైరోఫాస్ఫేటు అణువులో రెండు భాస్వర పరమాణువుల నడుమ ఒక ఆక్సిజన్ పరమాణువు వంతెనవలె ఉంటుంది. ఎంజైములు తెంచేది ఈ వంతెననే. ఆక్సిజన్‌కు బదులు కార్బన్ ఉన్నచో అవి తెంచలేవు. అట్టి పదార్థాలను రసాయనజ్ఞులు 19వ శతాబ్దిలోనే తయారుచేసి ఉన్నారు. వీటినే నేడు బిస్‌ఫాస్ఫోనేటులు అంటున్నాము. ఫ్లైష్, రస్సెల్, ఫ్రాన్సిస్ మొదలైనవారు 1969లో వీటి ప్రభావాన్ని ప్రకటించారు. ఇవి స్ఫటికాలు ఏర్పడకుండా ఆపడమే కాక, ఎముక కరగడాన్ని కూడ అరికట్టినవి.

ఈ రెండవ గుణం ఎందుకు ముఖ్యమైనది? ఎముక జడపదార్థం కాదు. కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, మరికొన్ని కొత్త ఎముకను కడుతుంటాయి. వార్ధక్యంలో కరగడం మిక్కుటమైతే ఎముక గుల్లబారి, చిన్నపాటి పడికే తుంటి విరుగుతుంది. కొన్ని కాన్సరులలో ఎముకనుంచి కాల్షియం రక్తంలోకి వెల్లువెత్తుతుంది. 100 మి.లీ. రక్తరసంలో సుమారు 8.5 నుంచి 10.5 మి.గ్రా. వరకు ఉండవలసిన కాల్షియం మితిమీరితే దాహం, నీరసం, మతిభ్రమ కలుగుతాయి; మూత్రపిండాలు చెడి ప్రాణాపాయం కూడ రావచ్చును.

మొదటి మందు ఎటిడ్రొనేటు. 1968లో, కండరాలు ఎముకగా మారుతున్న ఒక పసిబిడ్డకు దీనిని ఇచ్చారు. అయితే మోతాదు హెచ్చితే ఇది కొత్త ఎముక గట్టిపడడాన్ని కూడ ఆపి, ఎముకను మెత్తబరచేది. కరగడాన్ని ఆపుతూ కట్టడాన్ని చెరపని మందు కావలసివచ్చినది.

అణువులో నైట్రోజన్‌ను చేర్చడంతో ఆ కోరిక చాలవరకు నెరవేరినది. ఎముకను కరిగించే కణాలలోని ఒక ముఖ్యమైన ఎంజైమును ఇట్టి మందులు స్తంభింపజేస్తాయని 1990 దశకం చివర తెలియవచ్చినది. అందుచేత అతి స్వల్పమైన మోతాదే చాలుతుంది. మింగితే నూటికి ఒక పాలైనా రక్తంలో చేరదు కనుక వీటిని సిరలోకి ఎక్కించే పద్ధతి వచ్చినది. కాన్సరు వల్ల పెరిగిన కాల్షియంను తగ్గించడానికి అమెరికాలో పామిడ్రొనేటుకు 1991లో, జోలెడ్రోనిక్ ఆమ్లానికి 2001లో అనుమతి లభించినది. రెండవది 4 మి.గ్రా. మాత్రమే, 15 నిమిషాలకు తక్కువ కాకుండా ఎక్కిస్తారు. ఇది కాల్షియంను దించుతుందే గాని కాన్సరును మాన్పదు.

ఎముకలు గుల్లబారిన 7,765 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన 2007లో వెలువడినది. ఏడాదికొకసారి 5 మి.గ్రా. చొప్పున పొందినవారిలో మూడేండ్లలో వెన్నుపూసల విరుగుళ్లు నూటికి 70 వంతులు, తుంటి విరుగుళ్లు 41 వంతులు తగ్గినవి.

మేలుతోపాటు జాగ్రత్తలూ ఉన్నవి. మొదటి మోతాదు తరువాత జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చును. మూత్రపిండాల పనితీరును, రక్తంలో కాల్షియంను ముందుగా పరీక్షించాలి. ఇట్టి మందులు వాడినవారిలో కొందరికి దవడ ఎముక చచ్చుబడడం 2003లో వైద్యుల దృష్టికి వచ్చినది. కనుక పండ్ల చికిత్స ఏదైనా ఉంటే ముందే ముగించుకొనాలి. ఎముక పాతదనాన్ని వదలుకొంటూనే బలంగా ఉంటుంది. కరగడాన్ని బొత్తిగా ఆపడం కాదు, మితంలో ఉంచడమే ఈ చికిత్సలోని కిటుకు.