శరఫలవిచారము

పాఠశాలలయందు రఘువంశమును బోధించునపుడు క్షురప్రమనఁగా బాణము, భల్లమనఁగా బాణము, నారాచమనఁగా బాణము అని చెప్పి ముందునకు సాగుట మనకు వాడుకయైనది. అమరసింహుఁడే నారాచమును సామాన్యబాణపర్యాయములలోఁ గలుపక, ప్రక్ష్వేడనమను నామాంతరముతో వేఱుగాఁ జదివెను. ఆయన విడఁదీసినదానిని మనము కలుపుచున్నాము. దీనివలనఁ గవి చెప్పినదానిలో సగము పోవుచున్నది. ఏలయన నీ పేళ్లు పాదపూరణమునకుఁ గల్పింపఁబడినవి కావు. ఇనుము నెఱిఁగినవారును, మృగముల తోలును ఎముకను ఎఱిఁగినవారును పెట్టిన పేళ్లివి. మహిషము, వరాహము మొదలగు పెద్దమృగములమీఁద విడిచిన యలుగు వంగకయు విఱుగకయు లోనికిఁ జొచ్చుట యెట్లను ప్రశ్నకుఁ బూర్వు లిచ్చిన సమాధానమును వీనినుండియే తెలిసికొనవలసియున్నది.

మొదటఁ గౌటిల్యుని మాట విచారింతము. అర్థశాస్త్రమున రెండవయధికరణములో నాయుధాగారాధ్యక్షుని ప్రకరణమున శరజాతులు చెప్పఁబడినవి. వేణువు, శరము, శలాక, దండాసనము, నారాచము అని యైదు. పిమ్మట వాని ముఖములు ఛేదనము, భేదనము, తాడనము అను మూఁడు పనులకుఁ దగినవిగా నుండవలెననియు, అవి లోహముతోను ఎముకతోను కొయ్యతోను జేయఁబడుననియుఁ గలదు. పనులు మూఁడు, ద్రవ్యములు మూఁడు. ఇట్టిచోట వైయాకరణునకు వెంటనే పాణిని యథాసంఖ్యసూత్రము స్ఫురించును. సమానసంఖ్య గలవానికి వరుసగా నన్వయ మని కదా యా సూత్రార్థము. ఆ లెక్కను నఱుకుట యినుమునకు, పొడుచుట యెముకకు, కొట్టుట కొయ్యకు అని చెప్పవలసి వచ్చును. కొయ్యవిషయమున నిది చక్కఁగా నతుకుచున్నది. మొద్దుమొన గల కొయ్యతూపు పిట్టను గొట్టి పడవేయునేకాని నఱుకఁజాలదు. కాని యినుము నఱుకుటకు మాత్రమే యనినచో, అదే వాక్యమునకు ముందు చెప్పఁబడిన నారాచమునకు గతి యేమి? నారాచము సర్వలోహమయము, దాని పని చొచ్చుకొని పోవుట. కావున నిచ్చట యథాసంఖ్యమును బట్టుట సూత్రాభిమానమేకాని యర్థసాధకము కాదని నా యభిప్రాయము. ఇనుము మూఁడుపనులకును దగును. ఎముకయలుగు చిన్నమృగమునకుఁ జాలును. పెద్దమృగపుటెముకకుఁ దాఁకినచోఁ దానే విఱుగును.

ఇనుపయలుగు మనదేశమున నెంత ప్రాచీనమో చూపుటకుఁ దక్షిణాపథపు బృహచ్ఛిలాసమాధులే చాలును. వానిలో నినుపకత్తులతోపాటు అలుగులును దొరకినవి. క్రీ. పూ. 480లో గ్రీసుమీఁదికి నడచిన పారసీకసేనలోని భారతీయుల బాణములు ఇనుపమొన గల వెదురుబాణము లని హెరొడోటసు వ్రాసెను. అరియను తన ‘ఇండికా’లో మనవారి విల్లు మనిషియంత పొడవనియు, దానిని నేలకానించి యెడమకాలితో నొత్తిపట్టి లాగుదురనియు, బాణము మూఁడుమూరలకుఁ గొంచెమే తక్కువయనియు, దానికి నిలువఁగల డాలుగాని కవచముగాని లేదనియుఁ జెప్పెను. పరదేశీయుల మాటలలో నతిశయోక్తి యుండవచ్చును. అయినను అంత బరువైన తూపున కంత బలముగల యలుగు లేకున్న నీ కీర్తి రాదు.

ఇఁక శార్ఙ్గధరుఁడు. 1363 ప్రాంతమున సంకలితమైన శార్ఙ్గధరపద్ధతిలోని ధనుర్వేదభాగమునఁ బదివిధములైన ఫలములు పేర్కొనఁబడినవి: ఆరాముఖము, క్షురప్రము, గోపుచ్ఛము, అర్ధచంద్రము, సూచీముఖము, భల్లము, వత్సదంతము, ద్విభల్లము, కర్ణికము, కాకతుండము. పేరుపేరునకును రూపము కన్నులకుఁ గట్టుచున్నది. అంతటితో నాగక, ఏది దేనికో గ్రంథకర్త నిర్ణయించెను. ఆరాముఖము చర్మమునకు, సూచీముఖము కవచమునకు, క్షురప్రము వింటికి, అర్ధచంద్రము శిరస్సునకు, భల్లము హృదయమునకు, కాకతుండము లోహమునకు. ‘ఆర’ యనఁగాఁ దోలుపనివాఁడు తోలు గ్రుచ్చు సాధనము. మన తెలుఁగున ‘ఆరె’ యనుచున్నది అదియే. తోలు గ్రుచ్చుపనిముట్టు పేరే తోలు గ్రుచ్చు నలుగునకుఁ బెట్టిరి. క్షురప్రశబ్దమే హిందీలో ఖుర్పా యై నేఁటికిని గడ్డి చెక్కు పనిముట్టునందు బ్రతికియున్నది. దీనినిబట్టి క్షురప్రము సన్నమొన గలది కాదనియు, వెడల్పైన యంచు గలదనియు నిశ్చయింపవచ్చును. మన బల్లెమును భల్లమునుండియే వచ్చినదని తలంచెదను. అలుగు పెరిగి పెద్దకఱ్ఱ కెక్కినది, రూపమట్లే యున్నది.

ఇందు గ్రహింపవలసినది, వెడల్పునకును జొరవకును గల విరోధము. అంచు వెడల్పైనకొలఁది గాయము పెద్దదగును, రక్తము వెడలును; కాని తోలును కండరమును ఆఁపుదలయు నధికమగును, ఎముకకుఁ దగిలినచో నంచు ముడుచుకొనును. మొన సన్నగిలినకొలఁది లోఁతు పెరుగును; కాని గాయము చిన్నదగును, మొన విఱుగు భయమును గలదు. ఈ రెంటికిని నడుమ నిలిచినది భల్లము. ఆకువలె నుండి, నడుమ నీనె గలిగి, మొననుండి క్రమముగా విస్తరించు నలుగు హృదయభేదనమునకుఁ జెప్పఁబడుట యుక్తమే. కర్ణికమనఁగాఁ జెవులవలె వెనుకకు వంగిన ముండ్లు గలది. చొచ్చినది వెనుకకు రాదు. దీనిని విషదిగ్ధబాణముతోపాటు యుద్ధమున నిషేధించిన మనువు సప్తమాధ్యాయము మన కందఱకుఁ దెలిసినదే. సుశ్రుతుఁడును శల్యములలోఁ జెవులు గలవానిని వేఱుగాఁ బరిగణించెను. వైద్యుని కష్టమునుబట్టి యాయుధపుఁ గ్రౌర్యము తెలియును.

కాళిదాసుఁ డీ భేదము లన్నియు నెఱిఁగినవాఁడు. తొమ్మిదవసర్గమున దశరథుని వేఁటను జూడుఁడు. మీఁదికి వచ్చు నడవిదున్నకు బాణము నుదుటఁ దగులలేదు, కంటిగుంటలోఁ దగిలినది. పింజ నెత్తురంటకుండ దేహమును దూసి, మృగమును ముందు పడఁగొట్టి తాను వెనుకఁ బడినదఁట. వేగవర్ణన కవిసమయ మని త్రోసివేసినను, కన్ను ననుటయందు వేఁటకాని యెఱుక గలదు. దున్నపోతు నుదుటి యెముకమీఁద నెంత మంచి యలుగైనను జాఱుటయో వంగుటయో సంభవించును. ఆ వెంటనే ఖడ్గమృగముల ప్రసంగము వచ్చును. రాజు వానిని జంపలేదు. వాడి క్షురప్రములతోఁ గొమ్ములు తొలఁగించి తలలు తేలిక చేసెను. ఇతరుల యున్నతశృంగము నోర్వలేకపోయెనేకాని వారి దీర్ఘాయువును గా దని కవి చమత్కారము. కాని యిచ్చట భల్లము గాక క్షురప్రమేల? ఖడ్గమృగపుఁ గొమ్ము ఎద్దుకొమ్మువలె లోపల నెముకబోదె గలది కాదు. గోరు, వెండ్రుక వంటి పదార్థము చర్మముమీఁద గట్టిపడి పెరిగినది. దానిని గ్రుచ్చినఁ బ్రయోజనము లేదు, చెక్కవలెను. చెక్కుటకు వెడల్పైన యంచు కావలెను. ‘క్షురప్రైః’ అను పదమునకు ‘బాణములచేత’ అని యర్థము వ్రాసికొన్న విద్యార్థికి నీ యౌచిత్యము తెలియు టెట్లు? అయిదవసర్గమున నజుఁడు నడవియేనుఁగును కుంభస్థలమునఁ గొట్టునపుడు విల్లు మిక్కిలి లాగలేదని చెప్పుటయు నిట్టిదే. అడవియేనుఁగు రాజునకు నవధ్యము, మరలించుటయే యుద్దేశము. లాగు నెంతయో కూడ మృగమునుబట్టియు నుద్దేశమునుబట్టియు నుండును.

రూపమెంత యనువైనను ఇనుము మంచిది కానిచో నలుగు పనికిరాదు. నల్లమల చెంచులు తరతరములు వింటితో జీవించినవారయ్యు వారిలోఁ గమ్మరవృత్తి లేకుండెను. ఇనుము బయటనుండి రావలసినదే. 1972లో వన్యప్రాణిసంరక్షణచట్టము వచ్చినపిదప నా వేఁటకును జోటు లేదు. ఇనుమునకు మనదేశమునఁ గొదువ లేదు. నిజామాబాదు ప్రాంతపుఁ గోనసముద్రపు టుక్కును గొనుటకుఁ బారసీకవర్తకులు వచ్చుచుండుటను 1820 తరువాతి సంవత్సరములలో వాయిసీ యను భూగర్భశాస్త్రజ్ఞుఁడు చూచి వ్రాసెను. అయినను అంత వెలగల యుక్కు ఖడ్గములకేకాని, విడిచినది మరల దొరకునో లేదో తెలియని తూపులకు వినియోగించి యుండరని నా యూహ.

సామాన్యపుటినుమును గట్టిపఱచుటకు శార్ఙ్గధరుఁడు ‘ఫలపాయన’మను పేర విధులు చెప్పెను. పిప్పలి, సైంధవము, కుష్ఠము అనువానిని గోమూత్రముతో నూఱి పూసి, కాల్చి, నూనెలో ముంచుట యొకటి. పంచలవణములు, ఆవాలు, తేనె కలిపి పూసి, నెమలిమెడ రంగు వచ్చువఱకుఁ గాల్చి, నిర్మలజలమును ద్రావించుట మఱియొకటి. మందులమాట యట్లుండనిండు, ఇనుములోఁ గర్బనము చాలనిచో నెన్ని మందులు పూసినను ముంచినంతమాత్రమునఁ గాఠిన్యము రాదు. నూనెలో ముంచుటకుఁ గారణము స్పష్టము: నీటికంటె నూనె మెల్లఁగాఁ జల్లార్చును, కావున లోహము పగులదు. నెమలిమెడ రంగే విశేషము. ఎఱ్ఱగాఁ గాలిన యినుమున నీలము కానరాదు. మెఱుఁగుపెట్టిన యుక్కును మరల సన్నని వేఁడికిఁ దెచ్చినపుడు మొదట గడ్డిరంగును, పిమ్మట ఇంచుమించు 300 డిగ్రీల సెంటీగ్రేడువద్ద నీలమును బొడమును. ఆ దశలోఁ గాఠిన్యము కొంత తగ్గి, విఱుగక సాగు గుణము వచ్చును. గడియారపు స్ప్రింగులకును ఈ రంగునే తెత్తురు. ఆ రంగు మందుపూఁతదని యెవరైన ననవచ్చును. కాని పాయనవిధిలో నా వర్ణమును బ్రత్యేకించి చెప్పుట, ఆ కమ్మరులు గట్టిదనమును గొంత వదలుకొని విఱుగనితనమును సంపాదించుట యెఱిఁగియుండిరనుటకు సాక్ష్యమని నాకుఁ దోఁచుచున్నది. ఎముకకుఁ దాఁకిన యలుగునకుఁ గావలసిన దదియే.

‘పాయన’మను పదమును వ్యాకర్తలు ‘పా’ధాతువునకు ణిచ్చు చేర్చి సాధింతురు, త్రావించుట యని యర్థము. దీనికిఁ దెలుఁగేమి? మన రైతు నేలలో దుక్కికిఁ దగిన తడిని పదను అనును. కమ్మరి యినుమున కిచ్చుదానిని పదను అనును. కత్తి వాడియు నతనికిఁ బదనే. తడి యెక్కువైనఁ దుక్కి పనికిరాదు, తక్కువైన నాఁగలి దిగదు. శార్ఙ్గధరుని శ్లోకములకుఁ దెలుఁగు చేయఁబూనినవారు నిఘంటువులు వెదకక యీ మాటను దీసికొనవచ్చును.