నౌపడా చిన్న రైలు నుంచి మెట్రో దాకా: వడ్డీ లెక్క

కవిటి, సోంపేట వైపు వాళ్లు ఎక్కే మెయిన్ లైను 1893–96 మధ్య ప్రభుత్వమే వేయించింది. అంతకు ముందు 1849 నుంచి పద్ధతి వేరు. రైలు కంపెనీల్లో లండన్ మదుపరులు పెట్టిన సొమ్ముకు ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం పూచీ. పని ఆలస్యమైనా, ఖర్చు పెరిగినా వాళ్లకు నష్టం లేదు. లోటు ఇక్కడి ఖజానా పూడ్చేది. ఇక తొందర ఎవరికి?

టెక్కలి మీదుగా పోయే పర్లాకిమిడి లైనుకు అలాంటి పూచీ ధీమా లేదు. తన రాజధాని పర్లాకిమిడిని మెయిన్ లైను మీది నౌపడాకు కలపడానికి రాజా గౌరచంద్ర గజపతి 1898లో అనుమతి తెచ్చుకున్నాడు. రెండడుగుల ఆరంగుళాల చిన్న గేజి, సుమారు 40 కి.మీ., 7 లక్షల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న రైలు నడిచింది. అంత త్వరగా కట్టినా మొదట నష్టాలే. 1910 తర్వాతే కాస్త లాభం కనిపించింది. గుణుపురం దాకా పొడిగింపు 1929, 1931లలో, రెండు విడతలుగా జరిగింది.

అదే లైనును బ్రాడ్‌గేజిగా మార్చడానికి 2002లో శంకుస్థాపన. 2004 జూన్‌లో చిన్న రైలు ఆగింది. పెద్ద రైలు పర్లాకిమిడికి 2010 ఆగస్టులో, గుణుపురానికి 2011లో వచ్చింది. టెక్కలి, పాతపట్నం జనానికి ఆరేళ్లు బస్సులే దిక్కు. బడ్జెట్ సొమ్ముతో చేసే పనికి బ్యాంకు వడ్డీ కనబడదు గానీ సిమెంటు, ఇనుము, కూలి రేట్లు ఆగవు.

అప్పు చేసి కడితే దెబ్బ సూటిగా తగులుతుంది. 100 కోట్లు ఒకేసారి 9 శాతం చక్రవడ్డీకి తెస్తే, నాలుగేళ్లలో ఒక్క టికెట్టూ తెగకముందే వడ్డీ 41 కోట్లు. అందుకే విడతలుగా తెస్తారు. అయినా పని ఆగితే తెచ్చినదాని మీద వడ్డీ ఆగదు.

హైదరాబాద్ మెట్రోలో 2008 నాటి తొలి టెండరు, దాన్ని గెలిచిన కంపెనీ సత్యం కుంభకోణంలో చిక్కుకోవడంతో పోయింది. ఎల్ అండ్ టీతో ఒప్పందం 2010లో. తొలి రైలు 2017 నవంబరులో. స్థలసేకరణ, మార్గం వివాదాలు పని సాగదీశాయి. 2020 ఫిబ్రవరికి 69 కి.మీ. పూర్తయింది, మార్చిలో లాక్‌డౌన్. చివరికి 2025లో ఆ మెట్రో మీదున్న సుమారు 13,000 కోట్ల అప్పును తలకెత్తుకోవడానికి రాష్ట్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

కాబట్టి విశాఖ మెట్రోకైనా ముందు స్థలం చేతికి రావాలి, తర్వాతే అప్పు. అంచనా ఎన్ని కోట్లని అడిగేవాళ్లు వడ్డీ ఏ రోజు మొదలవుతుందో, రైలు ఏ రోజు కదులుతుందో కూడా అడగాలి.