పలక పక్కన పళ్లెం

కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు మన పెద్దలు. ఆ మాటను ఒకసారి అటునుంచి ఇటు తిప్పి చూడండి. కూడు లేని పిల్లవాడికి ఆ కోటి విద్యల్లో మొదటిదైనా అబ్బుతుందా? బడిపంతుళ్లమైన మాకు ఈ ప్రశ్న రోజూ హాజరుపట్టీలో కనిపిస్తూనే ఉంటుంది. అయితే పేద కుటుంబాలు లక్షల్లో ఉంటాయి, రాష్ట్ర ప్రభుత్వం ఖజానా చిన్నది. ఉన్న కొద్దిపాటి సొమ్ముతో ఆ కుటుంబాలను ఆదుకోవడం ఎలా? పాత మద్రాసు రాష్ట్రం ఈ ప్రశ్నకు వెతుక్కున్న జవాబు బడిలో ఒక పూట భోజనం. ఆ కథకు నూరేళ్లు దాటాయి. దాన్ని మొదలుపెట్టినవారు ఒక తెలుగువారు.

ఆయన పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో 1852లో పుట్టారు. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు. చెన్నపట్నంలోని త్యాగరాయనగరం ఆయన పేరు మీద వెలసిందే. 1920లో ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడికి వచ్చేవారు నిరుపేదల పిల్లలు. ఆ పేదరికం వల్ల బడిలో పిల్లల సంఖ్య నిలవడం లేదని ఆయన గుర్తించారు. 1920 సెప్టెంబరు 16న కార్పొరేషన్ ఒక తీర్మానం చేసింది: ఆ బడి పిల్లలకు రోజూ ఫలహారం పెట్టాలి, తలకు అణా మించకూడదు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. ఒక రూపాయితో పదహారు మంది పిల్లల ఆకలి తీర్చాలన్నమాట.

ఈ ఏర్పాటు తర్వాత మరో నాలుగు బడులకు పాకింది. ఫలితం ఏమిటో అంకెలే చెబుతాయి. 1922-23లో ఆ అయిదు బడుల్లో 811 మంది పిల్లలుండగా, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు!

అయినా ఈ పథకం 1925 ఏప్రిల్ 1న ఆగిపోయింది. ఎందుకో తెలుసుకోవాలంటే ఆనాటి పాలన తీరు కొంచెం చూడాలి. 1919 చట్టం రాష్ట్రాలకు ద్వంద్వ ప్రభుత్వాన్ని ఇచ్చింది. విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన మన మంత్రులకు అప్పగించారు. ఆర్థిక శాఖ, పోలీసు, భూమి శిస్తు గవర్నరు కౌన్సిలు చేతిలోనే ఉంచుకున్నారు. పని మనవారిది, తాళంచెవి దొరలది. అంతేకాదు, రాష్ట్రాలన్నీ కలిసి కేంద్రానికి ఏటా 983 లక్షల రూపాయలు చెల్లించాలని మెస్టన్ కమిటీ లెక్క కట్టింది. అందులో మద్రాసు ఒక్కదాని వాటా 348 లక్షలు. దేశంలో అన్నిటికన్నా పెద్ద వాటా అదే. పానగల్లు రాజా మంత్రివర్గం ఇలాంటి పరిస్థితిలో పాలన సాగించింది. ఇక కార్పొరేషన్ సంగతి చెప్పాలా? ప్రాథమిక విద్యా నిధి నుంచి పిల్లల తిండికి ఖర్చు పెట్టడానికి వీల్లేదని పై ప్రభుత్వం చెప్పేసింది. చదువు పద్దు వేరు, తిండి పద్దు వేరట! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అదే నెల 28న త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత కార్పొరేషన్ కొందరు పేద పిల్లలకు మాత్రం మళ్లీ భోజనం పెట్టగలిగింది.

మరో ముప్పై ఏళ్లు గడిచాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువారు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయారు. 1960లో తిరుత్తణి ప్రాంతం కూడా అటు చేరింది. సరిహద్దు గీత మారినా పిల్లల ఆకలి మారదు కదా! ఆ రాష్ట్రంలో 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు ఈ సంగతి బాగా ఎరిగినవారు. చిన్నతనంలోనే చదువు మానవలసి వచ్చిన మనిషి ఆయన. ఖజానాలో డబ్బు చాలదని ఆయన ఊరుకోలేదు. విద్యాశాఖ డైరెక్టరు నె.దు. సుందరవడివేలు తోడుగా ఊళ్లనే కదిలించారు. ఊరివారే బియ్యం, పప్పు, కట్టెలు సమకూర్చి వంట మొదలుపెట్టారు. 1957 నుంచి ప్రభుత్వం ఖర్చులో నూటికి అరవై వంతులు భరించింది, మిగిలిన నలభై ఊరు భరించింది. ఆ తర్వాత 1961 నుంచి కేర్ సంస్థ సాయం కూడా అందింది. ఊరి వాటా ఉండడం వల్ల అది తమ వంటశాల అనే భావం ఊరివారికి కలిగింది. అయితే పంటలు పోయిన ఏడు ఆ వాటా రావడం కష్టం. కలిగిన ఊరి పిల్లలకు కలిగినంత, లేని ఊరి పిల్లలకు లేనంత. ఈ పద్ధతిలోని లోపం అదే.

ఆ లోపాన్ని తీర్చే అడుగు 1982 జూలై 1న పడింది. ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్, తానూ చిన్నప్పుడు ఆకలి బాధ పడినవారు, ఊరి చందాతో పనిలేకుండా పూర్తి ఖర్చు రాష్ట్రమే భరించే పోషకాహార పథకం ప్రారంభించారు. ఏటా వంద కోట్లకు మించిన ఖర్చు! ఇది వృథా అన్న ఆర్థికవేత్తలు అప్పుడు తక్కువేమీ లేరు. మొదట పల్లెల్లో చిన్నపిల్లలకు, అదే సెప్టెంబరులో పట్టణాలకు, 1984లో పదిహేనేళ్ల వరకు ఉన్న బడిపిల్లలకు ఇది విస్తరించింది. వంట, వడ్డన పనుల్లో వితంతువులకు, ఆధారంలేని స్త్రీలకు ప్రాధాన్యం ఇచ్చారు. ఒకే రూపాయి అటు పిల్లవాడి కడుపూ నింపింది, ఇటు ఒక ఇంటి పొయ్యీ వెలిగించింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు పార్టీలు మారినా పథకాన్ని తీసివేయలేదు. 1989లో రెండు వారాలకు ఒక గుడ్డు చేర్చారు. 2010 నాటికి అది వారానికి అయిదు గుడ్లు అయింది.

దేశమంతటికీ ఈ ఆలోచన రావడానికి 1995 ఆగస్టు 15 వరకు ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా చాలా రాష్ట్రాలు వండిపెట్టలేదు, నెలకు మూడు కిలోల ధాన్యం చేతికిచ్చి పంపాయి. ఆ ధాన్యం ఇంట్లో అందరి కుండలోకీ పోతుంది, బడికి వచ్చిన పిల్లవాడి పళ్లెంలోకి కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలని ఆదేశించింది. కర్ణాటక 2002లో ఈశాన్య జిల్లాలతో ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ 2003 జనవరిలో ప్రారంభించి, వంట పని ఎక్కువగా మహిళా సంఘాలకు అప్పగించింది. 2022 సెప్టెంబరు 15న తమిళనాడు బడుల్లో ఉదయపు ఫలహారం మొదలైంది. 1920 నాటి తీర్మానం తేదీకి సరిగ్గా ఒక్కరోజు తేడా!

శ్రోతలారా, ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. 1925లో ఫలహారం ఆగినప్పుడు పనికిరాదని ఆపలేదు, ఏ పద్దులో రాయాలో తేలక ఆపారు. పిల్లల తిండి కూడా చదువు ఖర్చేనని ఒప్పుకోవడానికి ఈ దేశానికి చాలా ఏళ్లు పట్టింది. అంత కష్టపడి సాధించుకున్న దాన్ని నిలబెట్టుకోవడం మనవంతు. మీ పిల్లలు చదివే బడి తెలుగు మీడియమైనా, కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, ఒక మధ్యాహ్నం వెళ్లి ఆ వంట చూడండి. బియ్యంలో పురుగుందా, పప్పు నీళ్లగా ఉందా, వంటమనిషికి జీతం సమయానికి వస్తోందా అని అడగండి. బడి యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులకు చోటిచ్చింది 2009 నాటి విద్యాహక్కు చట్టం. ఆ చోట్లో కూర్చోవలసింది మీరే.