అడయారు వైద్యశాల

చట్టము చేయు నేర్పు, వైద్యము చేయు నేర్పు ఒకచోట కలియుట అరుదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారియందు అవి రెండును కలిసినవి.

1886లో పుదుక్కోటలో జన్మించి, 1912లో మద్రాసు వైద్య కళాశాలలో పట్టభద్రురాలైరి. 1923లో చెల్లెలిని క్యాన్సరు బలిగొన్నది. ఆ రోగులకొక వైద్యశాల నెలకొల్పవలెనను కోరిక ఆ దుఃఖమునుండి పుట్టినదే.

1927లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించి ఉపాధ్యక్షురాలైరి. దేవదాసీ పద్ధతిని మాన్పించుటకు పోరాడిరి. 1930లో గాంధీజీని నిర్బంధించినందుకు నిరసనగా సభ్యత్వమును వదలుకొనిరి. ఆమె కోరిన నిషేధ చట్టము 1947లో గాని రాలేదు. అది నాటి మద్రాసు రాష్ట్రములోని ఆంధ్ర జిల్లాలకును వర్తించినది.

వైద్యశాలకై ఇంకను వేచియుండవలసి వచ్చినది. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేయగా, 1954లో అడయారులో 12 పడకలతో అది ఆరంభమైనది. కుమారుడు డాక్టరు కృష్ణమూర్తిగారు అందు శస్త్రవైద్యులుగా పనిచేసిరి. 1968లో ఆమె కన్నుమూసిరి. చెల్లెలికి దక్కని చికిత్స నేటికిని అచ్చట రోగులకు లభించుచున్నది.