శతపత్ర సుందరి

బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) లలిత గీతాల సంపుటి. 1950వ దశకంలో వెలువడింది. ‘రజని’ పేరుతో ఆయన రాసి, తానే బాణీలు కట్టుకున్న పాటలు ఇందులో ఉన్నాయి. సినిమాతో నిమిత్తం లేకుండా ఎదిగిన తెలుగు పాట చరిత్రలో దీనిది ముఖ్యమైన స్థానం.

రజని 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి వెంకటరావు, వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరు. కవిత్వం ఇంట్లోనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు ముగించి 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరారు. అప్పట్లో గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటూగా అయిపోయేది. రేడియోలో పాట ఎక్కువగా అప్పటికప్పుడు పాడేదే. విన్నవాళ్ల చెవిలో మిగిలితే మిగిలినట్టు, లేకపోతే లేదు. ఒక గేయకర్త తన పాటలన్నీ ఒకచోట చేర్చి జనం ముందు పెట్టాలంటే పుస్తకం తప్ప దారి లేదు. ‘శతపత్ర సుందరి’ ఆ అవసరంలోంచి వచ్చిందే.

రజని విషయంలో ఈ పుస్తకం విలువ మరింత ఎక్కువ. ఆయన పాటలు తెలిసినంతగా ఆయన పేరు జనానికి తెలియదు. ప్రభుత్వోద్యోగి కావడంతో సినిమాల్లో బాహాటంగా పనిచేసే వీలు లేకపోయింది. ‘స్వర్గసీమ’ (1945)లో భానుమతి పాడిన ‘ఓహో పావురమా’ ఊరూరా మోగింది. ‘బ్లడ్ అండ్ శాండ్’ (1941) అనే హాలీవుడ్ చిత్రంలోని స్పానిష్ బాణీని తెలుగు నుడికి ఒదిగేలా మలచిన పాట అది. దాని వెనుక రజని చెయ్యి ఉందని చాలామందికి చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. ‘గృహప్రవేశం’ (1946) సంగీతం సోదరుడు నళినీకాంతరావు పేరు మీద వచ్చింది. రజని తన పేరుతో, తన పాటలతో నిండుగా కనిపించేది ఈ సంపుటిలోనే.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ఢిల్లీ నుంచి నెహ్రూ ప్రసంగం వినిపించింది. ఆ వెంటనే మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి ‘మాదీ స్వతంత్ర దేశం’ పాడారు. మాట, బాణీ రెండూ రజనివే. తెలుగులో మరే లలిత గీతానికీ అంతటి ముహూర్తం కుదరలేదు.

గేయకర్తగానే కాక చరిత్రకారుడిగానూ రజని పెద్ద పని చేశారు. కడప సీమ తాళ్లపాక కవులతో సహా పదకర్తలను, వాగ్గేయకారులను వరుసగా పరిచయం చేసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాత వాగ్గేయకారులను అంత శ్రద్ధగా చదివినవాడు కనుకనే, ఆయన కొత్త పాటలో మాట ఒకచోట, రాగం ఒకచోట విడిపోయినట్టు ఉండదు. విజయవాడ కేంద్రంలో పొద్దున్నే వినవచ్చే ‘భక్తిరంజని’ని తీర్చిదిద్దిన వారిలోనూ ఆయన ప్రముఖులు.

సంపుటిలోని గీతాలను తర్వాతి తరాల రేడియో గాయనీగాయకులు పాడుతూ వచ్చారు. బాణీలు నిలిచింది చాలావరకు వాళ్ల గొంతుల్లోనే. అచ్చు పుస్తకం మాటను కాపాడగలదు గాని, ఏ అక్షరం దగ్గర గమకం పలకాలో చెప్పలేదు. అందువల్ల ఈ సంపుటిని పాటల వరుస చెడకుండా, రచయిత పేరు, గాయకుల పేర్లు స్పష్టంగా చెబుతూ పూర్తిగా రికార్డు చేయించడం అవసరం. పాత రేడియో పాటల టేపులు ఇళ్లలో దాచుకున్నవారు వాటిని పాడుకానీయకుండా ఆకాశవాణికో, గ్రంథాలయాలకో అందజేయాలి.

రజని 1978లో ఉద్యోగ విరమణ చేశారు. 2018 ఏప్రిల్ 22న, 98 ఏళ్ల వయసులో, విజయవాడలో కన్నుమూశారు.